తాళం వేసిన ఇంటి నీళ్ళ బిల్లు

2023 జూన్‌లో హైదరాబాదులోని మా ఫ్లాటు పదకొండు వేల లీటర్ల నీళ్ళు వాడింది. జులైలో కూడా పదకొండు వేలు. ఆగస్టులో మళ్ళీ పదకొండు వేలే. ఆ మూడు నెలలూ ఇంటికి తాళం వేసి ఉంది. తాళంచెవి నా దగ్గరుంది, నేను టెక్కలి పక్కన రావివలసలో ఉన్నాను. నాన్నకి మోకాలి ఆపరేషనయ్యాక ఆఫీసువాళ్ళు ఇంటి నుంచే పని చేసుకోమన్నారు. వచ్చేముందు ఫ్లాటులో మెయిన్ స్విచ్ ఆపి, నీళ్ళ వాల్వు కట్టేసి మరీ వచ్చాను.

నీళ్ళొక్కటే కాదు. ఆ ఖాళీ ఇల్లు నెలకి 38 యూనిట్ల జనరేటర్ కరెంటు కూడా వాడింది. అది కూడా ప్రతి నెలా సరిగ్గా 38. మనుషులున్న ఇంట్లో ఏ రెండు నెలలూ ఒకలా ఉండవు. దెయ్యాలు మాత్రం చాలా క్రమశిక్షణతో బతుకుతాయేమో.

జూన్ బిల్లు ఇలా ఉంది. మెయింటెనెన్స్: 1,310 చదరపు అడుగులు, అడుగుకి 3.50 చొప్పున 4,585 రూపాయలు. నీళ్ళు: 11 కిలోలీటర్లు, 60 చొప్పున 660. జనరేటర్: 38 యూనిట్లు, 30 చొప్పున 1,140. అన్నీ కలిపి 6,385. దాని మీద 18 శాతం జీఎస్టీ 1,149.30. మొత్తం 7,534.30. సేల్‌డీడ్ తీసి చూస్తే నా ఫ్లాటు 1,240 అడుగులు. అంటే నేను రిజిస్ట్రేషన్ చేయించుకున్న తర్వాత అది డెబ్భై అడుగులు పెరిగింది. పిల్లలు పెరిగినట్టు ఫ్లాట్లు కూడా పెరుగుతాయని ఎవరూ చెప్పలేదు.

నాకు కథల గురించి రాసే అలవాటుంది. కథ చదివేటప్పుడు ముందుగా తేల్చుకోవాల్సింది ఈ మాటలు ఎవరివి, చెప్తున్నదెవరు అనేది. బిల్లుని కూడా అలాగే చదివాను. పైన పెద్ద అక్షరాల్లో ఓనర్స్ వెల్ఫేర్ అసోసియేషన్ అని ఉంది. అంటే మేమే మాకు బిల్లు వేసుకుంటున్నామని అర్థం. కింద, చిన్న అక్షరాల్లో, జీఎస్టీ నంబరు ఉంది. ఈ నంబరులో పదిహేను అక్షరాలుంటాయి. మొదటి రెండూ రాష్ట్రానివి. తెలంగాణకి 36, ఆంధ్రకి 37. ఆ తర్వాతి పదీ పాన్ నంబరు. పాన్‌లో నాలుగో అక్షరం ఆ పాన్ ఎలాంటివాళ్ళదో చెప్తుంది. మనిషైతే ‘పి’, కంపెనీ అయితే ‘సి’, కొందరు కలిసి పెట్టుకున్న సంఘమైతే సాధారణంగా ‘ఎ’. మా బిల్లులో ఉన్నది ‘సి’. జీఎస్టీ పోర్టల్లో ఆ నంబరు కొట్టి చూస్తే బిల్డరు పెట్టిన మేనేజ్‌మెంట్ కంపెనీ పేరు వచ్చింది. సంఘం గొంతుతో కంపెనీ మాట్లాడుతోందన్నమాట.

ఇది ఊరికే చాదస్తం కాదు. ఓనర్ల సంఘం తన సభ్యుల దగ్గర వసూలు చేసుకునే మెయింటెనెన్స్ నెలకి 7,500 రూపాయల దాకా ఉంటే జీఎస్టీ ఉండదు. 2018 జనవరి దాకా ఆ పరిమితి 5,000 ఉండేది. అది దాటితే మొత్తం మీద పన్ను కట్టాలా, దాటిన భాగం మీదేనా అనే పేచీ ఉంది. మొత్తం మీద అని 2019 జులైలో కేంద్రం సర్క్యులర్ ఇచ్చింది. దాటిన భాగం మీదేనని 2021 జులైలో మద్రాసు హైకోర్టు చెప్పింది. అయితే ఈ మినహాయింపు సంఘాలకే, కంపెనీలకి లేదు. కాబట్టి బిల్లు సంఘానిదైతే నాకు జీఎస్టీ పడకూడదు. కంపెనీదైతే, ఆ కంపెనీకీ నాకూ మధ్య ఒప్పందం ఏదో చూపించాలి. రెండిట్లో ఏదో ఒకటి చెప్పమన్నాను.

సూపర్‌వైజరు ఫోన్లో చాలా మర్యాదగా మాట్లాడాడు. “సార్, 7,500 దాటితే జీఎస్టీ ఉంటుంది సార్. మీది 7,534 వచ్చింది కదా.”

“అది జీఎస్టీ కలిపాక వచ్చింది కదండీ. కలపకముందు 6,385.”

“అవును సార్. మొత్తం చూస్తే 7,534 ఉంది సార్.”

జీఎస్టీ ఎందుకు పడిందంటే బిల్లు 7,500 దాటింది కాబట్టి. ఎందుకు దాటిందంటే జీఎస్టీ పడింది కాబట్టి. మా వృత్తిలో ఇలాంటి ప్రోగ్రాం రాస్తే అది తనని తానే పిలుచుకుంటూ పోయి మెమరీ అయిపోయి చచ్చిపోతుంది. బిల్లింగ్ విభాగంలో మాత్రం నెలనెలా నిక్షేపంగా నడుస్తుంది. అడుగుల సంగతి అడిగితే “సిస్టమ్‌లో అలాగే ఉంది సార్” అన్నాడు. సిస్టమ్‌లు కట్టి బతికేవాడితో ఆ మాట అనకూడదు. సిస్టమ్‌లో ఉన్న ప్రతి అంకెనీ ఎప్పుడో ఎవరో ఒక మనిషి టైప్ చేసి ఉంటాడు.

యాప్‌లో ఫిర్యాదు పెట్టాను. రెండు రోజుల తర్వాత ‘రిజాల్వ్డ్’ అని వచ్చింది. ఏం పరిష్కరించారో లేదు; మా సేవకి ఎన్ని నక్షత్రాలిస్తారు అని మాత్రం ఉంది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ పరిష్కారమైంది. మొత్తం ఆరుసార్లు పరిష్కారమయ్యాక ఫిర్యాదులు మానేసి మెయిళ్ళు మొదలుపెట్టాను. ఎలాగూ కట్టాల్సినది ఆపకూడదు కాబట్టి 1,240 అడుగుల లెక్కన నెలకి 4,340 కట్టేస్తూ, ‘పేచీ లేని భాగం ఇది, మిగతాది ఒప్పుకున్నట్టు కాదు’ అని ప్రతిసారీ రాశాను. ఇలాంటి తగాదాలో ఉన్నవాళ్ళకి ఇదొక్కటి గట్టిగా చెప్తాను. మొత్తం ఆపేస్తే తప్పు మన మీదకి తిరుగుతుంది. మొత్తం కట్టేస్తే తర్వాత అడిగే నోరుండదు.

జులై బిల్లులో కొత్త లైను వచ్చింది. పాత బకాయి 3,194.30 మీద వడ్డీ 63.89. నెలకి రెండు శాతం.

నాన్న మంచం మీద కూర్చుని వింటున్నాడు. “నూటికి రెండు రూపాయలేటి? మనూర్లో వడ్డీయే కదా అది” అన్నాడు.

నిజమే. మా ఊళ్ళో ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే నూటికి నెలకి రెండు, ఏడాదికి ఇరవై నాలుగు. దానికి ప్రాంసరీ నోటు, రెవెన్యూ స్టాంపు, సాక్షి సంతకం కావాలి. ఇక్కడ పీడీఎఫ్ చాలు. పైగా ఊళ్ళో అప్పు తీసుకున్నాకే వడ్డీ. నేను వాడని నీళ్ళకి వడ్డీ కట్టాలి.

నాన్నకి అపార్ట్‌మెంట్ల సంగతి తెలీదు గానీ బిల్లుల సంగతి బాగా తెలుసు. మాకు కొంచెం జీడితోట ఉంది. ఇటువైపు జీడిపిక్కలు 80 కిలోల బస్తా లెక్కన అమ్ముతారు. పలాస వ్యాపారి మనిషి వస్తాడు, పిక్క తడిగా ఉందంటాడు, తాలు ఉందంటాడు, తరుగు తీస్తాడు. తీసిన తరుగు ఆయన పుస్తకంలో అంకెగా మారాక దానికి ఎదురుండదు. నలభై ఏళ్ళు ఆ పుస్తకం అవతలి పక్కన నిలబడ్డ మనిషి నాన్న. కట్టేసి వదిలించుకోమంటాడనుకున్నాను. అనలేదు.

“కాటా మన కళ్ళెదుట ఉండాల. ఆల ఇంటికాడ తూస్తే ఆలు సెప్పిందే తూకం. ఆ నీళ్ళు కొలిసే డబ్బా ఎక్కడుంది? అది చూసేవేటి?”

మీటరు రీడింగ్ ఫోటో అడగాలని మూడు మెయిళ్ళు రాసినా నాకు తట్టలేదు. రేట్లూ, చట్టాలూ, పాన్ అక్షరాలూ పట్టుకుని కూర్చున్నాను.

మా టవర్లో రాత్రి డ్యూటీ చేసే సెక్యూరిటీ గార్డుది వజ్రపుకొత్తూరు వైపు పల్లె. యాస విని నేనే పలకరించాను మొదట్లో. కొబ్బరితోట ఉండేదట. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ వచ్చి ఉద్దానం కొబ్బరిచెట్లని పడగొట్టేసిన సంగతి ఇక్కడివాళ్ళెవరిని అడిగినా చెప్తారు. కొబ్బరిచెట్టు నాటితే కాపుకి ఏళ్ళు పడుతుంది. అన్నేళ్ళు ఏం తినాలి? ఇతను హైదరాబాదు వచ్చేశాడు. మేనేజ్‌మెంట్ కంపెనీ సెక్యూరిటీ పనిని ఇంకో ఏజెన్సీకి ఇచ్చింది. ఇతను ఆ ఏజెన్సీ మనిషి. ఫోన్ చేసి అడిగితే, డ్యూటీ దిగేముందు షాఫ్టు తలుపు తీసి నా మీటర్లు రెండూ ఫోటో తీసి పంపాడు. జులై మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి. రెండు ఫోటోల్లోనూ జనరేటర్ రీడింగు ఒకటే. నీళ్ళ మీటరు మీద బూజు కూడా ఒకటే.

ఆ ఫోటోలు ఓనర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టి, తాళం వేసి ఉన్న ఇళ్ళ వాళ్ళని బిల్లు చూసుకోమన్నాను. డల్లాస్ నుంచి ఒకరు, వైజాగ్ నుంచి ఒకరు, కాన్పుకి పుట్టింటికి వెళ్ళినావిడ ఒకరు. మొత్తం పదిహేడు ఇళ్ళు. అందరికీ 11 కిలోలీటర్లు, 38 యూనిట్లు. అప్పుడర్థమైంది. ఇందులో దొంగ ఎవడో చీకట్లో కూర్చుని అంకెలు మార్చడం లేదు. రీడింగ్ రాకపోతే ఇది వేసుకో అని ప్రోగ్రాంలో ఒక లైను ఉంది, అంతే. మా భాషలో డిఫాల్ట్ వేల్యూ. రీడింగ్ తీసే మనిషిని తగ్గించుకున్నారో, తాళం ఉందని అతనే వదిలేశాడో, ఆ లైను మాత్రం అలిసిపోకుండా పని చేస్తోంది. ఇంటికి 1,800 చొప్పున పదిహేడు ఇళ్ళకి, పన్ను కాకుండానే, నెలకి 30,600 రూపాయలు. ఎవరూ దొంగతనం చెయ్యలేదు, డబ్బు మాత్రం పోయింది.

మధ్యలో ఒక మాట. మా ఊరి దేవుడు ఎండల మల్లికార్జునుడు. ఎండల మల్లన్న అంటాం. పెద్ద లింగం, పైన కప్పు ఉండదు; ఎండకి ఎండి వానకి తడుస్తాడు. రామాయణంలో వైద్యుడు సుషేణుడి కథ ఒకటి ఆ లింగానికి ముడిపెట్టి చెప్తారు. గుడి కట్టించబోతే కలలో కనబడి వద్దన్నాడని కూడా చెప్పుకుంటారు. ఆగస్టు బిల్లు వచ్చిన రోజు సాయంత్రం అటు వెళ్ళాను. సూపర్ బిల్టప్ ఏరియా లేదు, కామన్ ఏరియా లేదు, లిఫ్టు లేదు. దూరదృష్టి గల దేవుడు అనిపించింది.

ఆగస్టు మూడో వారంలో గార్డు ఫోన్ చేశాడు.

“బాబూ, మీ ఇంటి నంబరు లిఫ్టు కాడ అంటించీసేరు. మరో పది మందివి కూడా. మీరు డబ్బులు కట్టకపోబట్టే మా జీతాలు ఆగిపోనాయని సెప్తన్నారు. నిజివేనేటి?”

ఫోటో పంపమన్నాను. ఎ4 కాగితం, ఎర్ర అక్షరాలు. డిఫాల్టర్ల జాబితా. కింద ఒక వాక్యం: పై ఫ్లాట్ల బకాయిల కారణంగా సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ సిబ్బంది జీతాలు ఆలస్యమవుతున్నందుకు చింతిస్తున్నాము. మా టికెట్టుకి ఒక్క వాక్యం జవాబు రాయనివాళ్ళు ఇంత చక్కటి వాక్యం రాయగలరని నాకప్పటిదాకా తెలీదు. కోపం రావాల్సింది, ముందు భయం వేసింది. ఏడో తారీకులోపు రావాల్సిన జీతం ఇరవయ్యో తారీకు దగ్గర పడుతున్నా రాలేదంటే అతని ఇంట్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు. నేను 4,340 కడుతూనే ఉన్నానని అతనికి చెప్పాను. ‘అలాగా బాబూ’ అన్నాడు. నమ్మాడో లేదో తెలీలేదు. నమ్మినా అతని ఇంటికి బియ్యం రావు.

ఆ రాత్రి కాళీపట్నం రామారావు గారి ‘యజ్ఞం’ మళ్ళీ చదివాను. మా జిల్లా మురపాక మాస్టారు రాసిన ఈ కథ గురించి అరవై ఏళ్ళుగా తెలుగు విమర్శ తగువులాడుకుంటూనే ఉంది. ఎక్కువగా ముగింపు గురించి. సీతారాముడు చేసిన పని తట్టుకోవడం కష్టం కాబట్టి అందరి చూపూ అక్కడికే పోతుంది. నాకు ఈసారి పంచాయితీ దగ్గరే ఆగిపోవాలనిపించింది. సుందరపాలెంలో జరిగేది, మొత్తం మీద, ఒక బాకీ తగాదా. అప్పల్రాముడు గోపన్నకి బాకీ ఉన్నాడు. ఎవరూ కాదనరు. శ్రీరాములునాయుడు దుర్మార్గుడు కాదు, ధర్మంగా తేల్చాలనే కూర్చున్నాడు. వడ్డీ ఉంది, లెక్క సరిపోయింది. ఎక్కడా అంకె తప్పలేదు. అదే ఆ కథలో భయపెట్టేది. మాస్టారు గోపన్న చేత దొంగలెక్క రాయించి ఉంటే కథ ఎంత తేలికైపోయేది! లెక్క సరిచేస్తే అందరూ ఇళ్ళకి వెళ్ళిపోయేవాళ్ళు. మంచి రోడ్డూ బడీ వచ్చిన ఊళ్ళో, అందరూ చట్టప్రకారం నడుచుకుంటూ ఉండగా, ఒక కుటుంబం భూమి ఎలా జారిపోయిందో చెప్పడానికి తప్పులేని బిల్లు కావాలి.

నాది తప్పుడు బిల్లు. అంటే నేను అదృష్టవంతుణ్ణి. తప్పుడు బిల్లుకి మీటరు ఫోటో చాలు. లిఫ్టు దగ్గర కాగితం అలా కాదు. అందులో ‘బకాయి ఉంది’ అన్నదీ నిజమే (వాళ్ళ పుస్తకంలో), ‘జీతం ఆలస్యమైంది’ అన్నదీ నిజమే. ‘కారణంగా’ అన్న ఒక్క మాటే అబద్ధం. రెండు నిజాల మధ్య పెట్టిన అబద్ధాన్ని ఫోటో తీసి చూపించలేం.

అందుకే సెప్టెంబరు 4న పంపిన మెయిల్లో జీతాల సంగతే ముందు రాశాను. అప్పటికి 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం అమల్లో ఉండేది. జీతం ఇవ్వాల్సింది కాంట్రాక్టరు. అతనివ్వకపోతే పని చేయించుకున్న యజమాని ఇచ్చి, తర్వాత అతని దగ్గర రాబట్టుకోవాలి. ఫలానా ఫ్లాటువాడు కట్టాక ఇవ్వొచ్చని అందులో ఎక్కడా లేదు. తర్వాత రెరా. 2016 చట్టం ప్రకారం ఓనర్ల సంఘం పగ్గాలు తీసుకునేదాకా సదుపాయాలు నడపాల్సింది బిల్డరే, అదీ సబబైన చార్జీలకి. సంఘం ఏర్పడేలా చూడాల్సిన బాధ్యత కూడా ఆయనదే. మాకు సంఘం కాగితం మీద ఉంది, కమిటీలో ఉన్నది బిల్డరు మనుషులు. చివర్న పదిహేడు ఇళ్ళ బిల్లులు పక్కపక్కన పెట్టి ఒక పట్టిక, కింద ఒకే ప్రశ్న: ఈ పదిహేడు కుటుంబాలూ మూడు నెలల పాటు ఒక్క లీటరు తేడా లేకుండా నీళ్ళు ఎలా వాడగలిగాయి? మెయిలు బిల్డరుకీ, కంపెనీకీ, పదిహేడుమందికీ పంపాను. వారంలో జవాబు రాకపోతే రెరాలో ఫిర్యాదు వేస్తామని రాశాం. కాగితాలు నిజంగానే సిద్ధం చేశాం.

వీడియో కాల్ పెట్టారు. నలభై నిమిషాల్లో ముప్ఫై నిమిషాలు ‘మన కమ్యూనిటీ’ గురించి. పట్టిక దగ్గరికి వచ్చేసరికి అకౌంట్స్ ఆయన కాసేపు మాట్లాడలేదు. ఆ మనిషి మీద నాకు జాలి కలిగింది. ఆయన కూడా ఆ పదిహేడు అంకెల్ని పక్కపక్కన చూడటం అదే మొదటిసారి.

అక్టోబరులో క్రెడిట్ నోట్ వచ్చింది. 8,847.90. నీళ్ళు, జనరేటర్, జీఎస్టీ మూడు నెలలవీ తీసేశారు, వడ్డీ రద్దు చేశారు. పైన ‘గుడ్‌విల్ జెస్చర్‌గా’ అని రాశారు. సవరణ అని రాయమని మెయిల్ పెట్టాను. డబ్బులు వచ్చేశాయి కదా, మాట గురించి ఏంటి గొడవ అని గ్రూపులో ఒకాయన విసుక్కున్నాడు. విమర్శ రాసేవాళ్ళకి ఇలాంటి విసుగులు అలవాటే. దయ తలచి ఇచ్చింది వచ్చే నెల దయ లేకపోతే ఆగిపోతుంది. సవరణ అలా ఆగదు. ఇంకా రాయలేదు. 1,310 కూడా ఇంకా 1,240 కాలేదు. నెలకి 245 చొప్పున నా పేర బకాయి పెరుగుతూనే ఉంది. మీటర్ల ఫోటోలు మాత్రం ఇప్పుడు ప్రతి బిల్లుతోనూ వస్తున్నాయి.

జీతాలు ఆ నెల ఇరవై మూడున పడ్డాయి. లిఫ్టు దగ్గర కాగితం దానంతటదే ఊడిపోయిందట. క్షమాపణ కాగితం ఎవరూ అంటించలేదు. అక్టోబరు చివర్లో గార్డుని అదే ఏజెన్సీ ఊరికి ఆ చివరున్న ఇంకో సైటుకి మార్చింది. ఫోటోల సంగతి తెలిసిందా, మామూలు బదిలీయా అని అడిగాను. “ఎవరికి తెలుసు బాబూ. అక్కడ రాత్రి చలి ఎక్కువ. మిగతాదంతా ఒకటే” అన్నాడు.

కార్తీక సోమవారానికి ఇంటికొచ్చాడు. ఎండల మల్లన్న దగ్గర జనం తోసుకుంటున్నారు. దర్శనమయ్యాక మా ఇంటికి వచ్చి, నాన్నతో తిత్లీ గురించి, కొత్తగా వేసిన కొబ్బరి మొక్కల గురించి చాలాసేపు మాట్లాడాడు. వెళ్ళేముందు చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు.

“మీ బిల్లు సూసినట్టే ఇదొక పాలి సూడండి బాబూ.”

జీతం స్లిప్పు. మొత్తం 15,000. అందులో బేసిక్ 12,000. పీఎఫ్ కోత 1,440, అంటే బేసిక్‌లో పన్నెండు శాతం, సరిపోయింది. ఈఎస్ఐ 113, అదీ సరిపోయింది. యూనిఫాం 500. చేతికి 12,947.

“యూనిఫాం ఎన్ని జతలిచ్చారు?”

“ఒక్కటే. అదీ ముందు మానేసిన గుంటడిది.”

“ఈ అయిదొందలు ఎన్ని నెలల్నించి కోస్తున్నారు?”

“ఎనిమిది నెలలయింది.”

పీఎఫ్ డబ్బులు నిజంగా ఖాతాలో పడుతున్నాయో లేదో పాస్‌బుక్ చూద్దామని అతని యూఏఎన్ నంబరు కొట్టాను. ఓటీపీ పంపామని వచ్చింది. ఏ ఫోనూ మోగలేదు. చివరి నాలుగంకెలు చూపిస్తే అది తన నంబరు కాదన్నాడు. చేరినప్పుడు ఏజెన్సీ సూపర్‌వైజరు తన నంబరే రాసుకున్నాడట, తర్వాత మారుస్తానన్నాడట.

పాత స్లిప్పులన్నీ ఫోటో తీసి పంపమన్నాను.

“నాలుగే ఉన్నాయి బాబూ. మిగతాయి ఇవ్వనేదు.”